లేబులు చింపని డబ్బా

కిటికీ

మా చెల్లెలి కూతురికి ప్రభుత్వాస్పత్రిలో ఫార్మసిస్టు ఉద్యోగం వచ్చింది. చేరే ముందు మా ఇంటికొచ్చి, "పెద్దమ్మా, పుస్తకాల్లో లేనిది ఏమన్నా ఉంటే చెప్పు" అనింది. ఆ పిల్లకు మందుల పేర్లు, మోతాదులు నాకంటే బాగా వచ్చు. స్టాకు రిజిస్టర్లు ఎట్ల రాయాలో చేరినాక వాళ్లే నేర్పిస్తారు. ప్రమోషన్ల గురించి చెప్దామంటే నాకు వచ్చిందే ఆలస్యంగా, అది చెప్పి పిల్లను నీరసపెట్టడం ఎందుకు? అందుకని ఒక్క సంగతే పట్టుకుని చెప్పినా. అదే ఇక్కడ రాస్తాండా, కొత్తగా చేరే మిగతా పిల్లలకు కూడా పనికొస్తుందేమోనని.

నా ఉద్యోగమంతా ఒక కిటికీ వెనకాల గడిచింది. మొదట ఆళ్లగడ్డలో, తర్వాత నంద్యాలలో. చెయ్యి పట్టేంత సందు, పైన ఇనుప కమ్మీలు, అవతల జనం. చీటీ లోపలికి వస్తుంది, మాత్రలు బయటికి పోతాయి. చర్చిలో పెట్టిన పేరు గ్రేసమ్మ అయినా ఆ కిటికీ దగ్గర అందరికీ నేను మందులక్కనే.

పుస్తకంలో ఒక పాఠం ఉంటుంది. కొన్ని మందులు గర్భం రాకుండా వేసుకునే పిల్స్‌ను పని చెయ్యనియ్యవు, కొన్ని మందులు కడుపులో బిడ్డకు చెడు చేస్తాయి. పరీక్షలో అందరం గడగడా రాసొచ్చిన వాళ్లమే. ఆ పాఠం చదువుతుంటే ఏమనిపిస్తుందంటే, ఒక ఆడమనిషి రెండు మందులూ చేతిలో పట్టుకుని మన ముందర నిలబడి, "అమ్మా, ఈ రెండూ కలిపి వేసుకోవచ్చునా?" అని అడుగుతుందని. అయ్యో తల్లీ, అట్ల అడిగిన మనిషిని నేను చూడలేదు.

మన పక్క మాత్ర మింగే ఆడమనిషి కిటికీ దగ్గరికి రానే రాదు. కూలి పోతుందని పనికి పోయుంటుంది, లేదా ఇంట్లో ముసలోళ్లను చూసుకుంటా ఉంటుంది. ఆమె బదులు మొగుడో, తల్లో, అత్తో, పక్కింటామో వస్తారు. కొందరైతే తమ మందును తామే తీసుకుంటూ ఇంకొకరి పేరు చెప్తారు. ఫిట్స్ మాత్రలకు నెలనెలా ఒకామె వచ్చేది, తెల్లగా, సన్నగా, చెంగు తల మీద కప్పుకుని. "ఎవరికమ్మా?" అంటే "మా చెల్లెలికి" అనేది. ఏండ్ల తరబడి అదే మాట. చెల్లెలు ఎట్లుందంటే, "బాగుండాది" అని గబగబా పోయేది.

ఆళ్లగడ్డ డాక్టరమ్మ

ఆళ్లగడ్డలో నాకు మొదటి పై అధికారి ఒక లేడీ డాక్టరు. పనిలో రాక్షసి. ఆడమనిషి ఎవరొచ్చినా మందు రాసే ముందు మూడు ప్రశ్నలు తప్పవు. "కడుపుతో ఉండావా? పాలిస్తాండావా? బిడ్డలు కాకుండా ఏమన్నా మింగుతాండావా?" గదిలో అంత మంది జనం ఉన్నా సరే, బస్టాండులో కండక్టరు ఊర్లు పిలిచినట్టు గట్టిగా అడిగేది. అప్పట్లో ఈ ప్రశ్నలు అడిగే డాక్టర్లే తక్కువ. ఆ సంగతిలో ఆమెను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఒకసారి కొత్తగా పెండ్లయిన పిల్ల ఒకతి వచ్చింది, టీబీ అని తేలింది. పక్కన మామ నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ మూడు ప్రశ్నలూ అడిగింది. ఆ పిల్ల మూడిటికీ తల అడ్డంగా ఊపింది. టీబీ కోర్సు మొదలైంది. అందులో రిఫాంపిసిన్ ఉంటుంది, అది పడితే మామూలు పిల్స్ మీద నమ్మకం పెట్టుకోకూడదు. కొన్నాళ్లకు ఆ పిల్ల ఏడ్చుకుంటా వచ్చింది, నెల తప్పిందని. అత్తామామలకు తెలియకుండా పిల్స్ వాడతా ఉండేదంట.

డాక్టరమ్మకు కోపం నషాళానికి అంటింది. "నేను అడగలేదా నిన్ను? నోరుండాది గదా, చెప్పేదానికేం?" అని అరిచింది.

ఆ పిల్ల నేలచూపులు చూస్తా, "మా మామ ఉండె గదమ్మా" అనింది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాగింది. టీబీ మందులు ఆపొద్దని, వాటితో బిడ్డకు భయం లేదని, ఆపితేనే ఇద్దరికీ ముప్పని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. మరుసటి వారం ఇంటి నుంచి తన పాత చీర ఒకటి తెచ్చి గదిలో ఒక మూల తెర కట్టించింది. అప్పటి నుంచి ఆ మూడు ప్రశ్నలు తెర వెనక్కి పోయినాయి, గొంతు కూడా తగ్గింది. పొరపాటైందని మాత్రం ఎవరితోనూ అనలేదు, అనే మనిషి కాదు. ఆ పిల్లకు కోర్సు పూర్తయింది, బిడ్డ కూడా బాగా పుట్టింది.

నేను నేర్చుకున్నది ఆ తెర దగ్గరనే. నంద్యాలకు వచ్చినాక నా కిటికీ పక్కన చిన్న తలుపు ఒకటి ఉండేది, స్టోరులోకి దారి. అడగాల్సిన మాటలుంటే మనిషిని ఆ తలుపులో నుంచి లోపలికి పిలిచేదాన్ని. మా సూపరింటెండెంటు ఒకాయన దానికి నవ్వేవాడు. "మనం మందులిచ్చేటోళ్లం గ్రేసమ్మా, కాపురాలు చక్కదిద్దేటోళ్లం కాదు" అని. ఆయన మాటలో కూడా కొంత న్యాయం ఉంది.

ఏది చెడగొడుతుంది, ఏది కాదు

కథలోకి పోయే ముందు నాలుగు ముక్కలు చెప్పేస్తా, లేకుంటే నా తర్వాతి మాటలు అర్థం కావు.

టీబీలో వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్, ఫినైటాయిన్ లాంటివి లివర్ పనిని బాగా పెంచేస్తాయి. పిల్స్‌లో ఉండే మందును అది తొందర తొందరగా ఖర్చు చేసేస్తుంది. మనిషి రోజూ తప్పకుండా పిల్ మింగుతూనే ఉంటుంది, గర్భం మాత్రం నిలుస్తుంది. ఆ మందు మానినాక కూడా కొన్ని వారాలు ఈ గుణం పోదు. అర్జెంటుగా వేసుకునే పిల్ కూడా వీటి ముందర బలహీనమే. కాపర్-టీకి ఈ గొడవ లేదు. మూడు నెలల సూది కూడా చాలామందికి పనికొస్తుంది, కాకపోతే అది డాక్టరు చూసి చెప్పాల్సిన మాట. లామోట్రిజిన్ అని ఇంకొక ఫిట్స్ మాత్ర ఉంది, దాని కథ ఉల్టా. పిల్సే దాని బలాన్ని తగ్గిస్తాయి, ఆగిపోయిన ఫిట్స్ మళ్లీ వస్తాయి.

వాల్‌ప్రోయేట్ అనేది ఫిట్స్‌కు మంచి మందే, కానీ కడుపులో బిడ్డకు అన్నిట్లోకీ చెడ్డది. పెండ్లి కావాల్సిన పిల్లకు, కొత్త కోడలికి ఆ చీటీ వస్తే, ఇచ్చే ముందు డాక్టరును ఇంకొకసారి అడగండి. తిట్టినా సరే అడగండి.

జ్వరానికి, గొంతునొప్పికి రాసే మామూలు యాంటీబయాటిక్స్ పిల్స్‌ను చెడగొట్టవు. ఉత్తపుణ్యానికి ఆడోళ్లను భయపెట్టొద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం మింగిన పిల్ ఒంటికి పట్టకపోవచ్చు, అది చెప్పండి. ఇంకొక మాట. అహోబిలం తిరునాళ్లప్పుడు, ఇంట్లో పెండ్లిళ్లప్పుడు బయట చేరకుండా నెలసరి వాయిదా మాత్రలు కొంటారు చూడండి, అవి మింగితే బిడ్డలు కూడా కారని చానామంది నమ్మకం. కాదు. ఆ నమ్మకంతో నెల తప్పినోళ్లు నా దగ్గరికి ఎంతమందో వచ్చినారు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఒకటుంది. కడుపుతో ఉన్నామెకు ఎవరో ఒకరు, "బిడ్డ కోసం మాత్రలన్నీ మానెయ్" అని చెప్తారు. చెప్పేది ప్రేమతోనే. ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా మానితే తల్లికి ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డా ఇద్దరూ పోయే ప్రమాదం ఉంది. మార్చాలన్నా తగ్గించాలన్నా అది డాక్టరు పని.

డబ్బాలకు గిరాకి

ఆస్పత్రికి కొన్ని మాత్రలు పెద్ద తెల్ల ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తాయి. వెడల్పు మూతి, గట్టి మూత. అవి ఖాళీ అయినాయంటే వాటికుండే గిరాకి మీకు తెలియదు. జీలకర్రకు, ఆవాలకు, మిరప్పొడికి అంత బాగుంటాయి. ఆయాలు, నర్సులు, రోజూ వచ్చే పేషెంట్లు అందరూ, "అక్కా, ఈసారి డబ్బా నాకే" అని ముందే చెప్పి పెట్టుకునేవాళ్లు. ఇచ్చేటప్పుడు లేబులు చింపి ఇచ్చేదాన్ని. వంటింట్లో మందు పేరు ఎందుకని వాళ్లు కూడా చింపమనేవాళ్లు.

ఈశ్వరమ్మ ఒక్కతే చింపొద్దనింది.

ఈశ్వరమ్మ సంజామల పక్క పల్లె నుంచి నెలకొకసారి బస్సులో వచ్చేది. కూతురు సుజాతకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. కార్బమజెపిన్ పడినాక ఏండ్లుగా ఒక్కటి కూడా రాలేదు. ఆ పిల్ల చిన్నగా ఉన్నప్పుడు తల్లి చంకలో చూసినా, తర్వాత యూనిఫాంలో చూసినా, ఆ తర్వాత తల్లి ఒక్కతే రావడం మొదలుపెట్టింది. పెండ్లయిందని, నంద్యాలలోనే ఇచ్చినామని, అల్లుడు ఆటో తోలుతాడని సంతోషంగా చెప్పింది. ఆరోజే ఖాళీ డబ్బా ఒకటి అడిగింది. చేతికి దొరికింది క్యాల్షియం మాత్రల డబ్బా. గోటితో లేబులు గీకబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఉండనీలేక్కా. చింపాకు."

నేను ఇంకేదో పనిలో ఉన్నా. సరే అని ఇచ్చేసినా.

తిరుపాలమ్మ మోకాళ్లు

ఏడాది తిరిగిందో లేదో, ఒకరోజు కిటికీ ముందర గట్టిగా ఒక పెద్దామె గొంతు. మనిషి భారీగా ఉంది, ఒక చేత్తో గోడ పట్టుకుంది, ఇంకో చేతిలో తెల్ల డబ్బా. పేరు తిరుపాలమ్మ అని చెప్పింది.

"ఏంది మందులక్కా, మీ ఆస్పత్రి మాత్రలు ఇట్ల తగలడినాయి? మోకాళ్ల నొప్పులకు క్యాల్షియం మంచిదంటే మింగితి. నొప్పి పోలే, తల మాత్రం గిర్రున తిప్పుతాండాది. పొద్దున మా వాకిలి రెండు వాకిండ్లు మాదిరి కనపడె. ఏ వాకిట్లో నుంచి పోవల్లనో తెలియక గోడకు గుద్దుకుంటి."

వెనకాల జనం నవ్వినారు. నాకూ నవ్వొచ్చింది. డబ్బా మూత తీసి చూసినా, నవ్వు ఆగిపోయింది. లేబులు క్యాల్షియం, లోపల మాత్రలు కార్బమజెపిన్. లేబులు ఒక మూల నా గోటి గీత కూడా అట్లనే ఉంది.

"ఈ డబ్బా నీదేనామ్మా?"

"నాది యాడిది? మా కోడలిది. వాళ్లమ్మ నెలనెలా తెచ్చిస్తాది, బలానికని. చిన్నపిల్ల, దానికేంటికి అంత బలం? నేనూ రోజూ ఒకటో రెండో మింగుతాండా. కోడలు చూసినా ఏమనదు, మంచి పిల్ల."

ఏమనగలదు పాపం? క్యాల్షియం మాత్ర అత్తకు వద్దని ఏ కోడలు అంటుంది?

తిరుపాలమ్మను పక్క తలుపులో నుంచి లోపలికి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టినా. నా బుర్రలో ఒకేసారి చాలా తిరుగుతున్నాయి. ఈ మాటలు బయటపెట్టే హక్కు నాకు లేదు, జబ్బు ఆ పిల్లది, చెప్పినా దాచినా ఆమె ఇష్టం. పోనీ డబ్బా నా దగ్గరే పెట్టుకుందామా అంటే, ఆ పూటకు ఆ పిల్లకు మాత్ర ఉండదు. ఇటు ఈమె ఇంకొకటి మింగినా ప్రమాదమే.

"చూడమ్మా, ఇవి నీ మోకాళ్లకు పనికొచ్చేవి కావు. ఇంగ ఒక్కటి గూడా మింగాకు. డాక్టరుకు చూపిస్తా పా. ఈ డబ్బా మాత్రం తీసకపొయ్యి మీ కోడలి చేతికే ఇయ్యి. పారేసేవు, జాగ్రత్త. రేపు ఆ పిల్లను తోడుకోని రా."

తిరుపాలమ్మ కండ్లు చిన్నవి చేసి నన్ను చూసింది. "ఇది క్యాల్షియం గాదా?"

"ఎవురి మందు గురించి వాళ్లకే చెప్తానమ్మా. నీ మందు గురించి అడుగు, నీకు చెప్తా."

"అట్లనా" అని డబ్బా కొంగులో చుట్టుకుంది. ఆ తర్వాత డాక్టరు చూసేంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. అంత మాటకారి గమ్మున కూర్చుంటే నాకు భయమేసింది.

సుజాత

మరుసటి రోజు ఇద్దరూ వచ్చినారు. సుజాత మొగుడు ఓబులేసు ఆటోలో దింపి గేటు బయట ఆగినాడు. తిరుపాలమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుంది. సుజాతను లోపలికి పిలిచినా. యూనిఫాంలో చూసిన ముఖమే, కండ్ల కింద నలుపు వచ్చింది. తలుపు వేసినంతసేపు పట్టలేదు, భోరున ఏడ్చింది.

నెల తప్పిందంట. రెండో నెల.

ఆ ఏడుపు బిడ్డ వచ్చిందని కాదు. డిగ్రీ చివరి సంవత్సరం, అది అయ్యేంతవరకు బిడ్డలు వద్దని మొగుడూపెండ్లాలు మాట్లాడుకున్నారు. మొగుడు కూడా సరేనన్నాడు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పిల్స్ ఇచ్చి, "ఇంకేమన్నా మందులు వాడతాండావా?" అని అడిగింది, అది కూడా అత్త ముందరనే. క్యాల్షియం అని చెప్పింది. రోజూ తప్పకుండా పిల్ మింగింది. అయినా నిలిచింది.

"మా ఆయన నమ్మలేదక్కా. మాత్రలు మింగినట్టు నటించినావంటాడు. బిడ్డ కావాలంటే నాతో చెప్పుంటే నేను వద్దంటానా, అబద్ధమేంటికి చెప్తివి అని ఒకటే మాట. అప్పటి నుంచి నాతో మాట్లాడడు. అన్నం పెడితే తింటాడు, లేచి పోతాడు."

"మరి ఫిట్స్ మాత్ర? అత్త మింగుతాంటే నీకు తక్కువ పడలేదా?"

"పడినాయి. ఒక్కోనాడు మానేస్తాంటి. ఎట్లాగూ ఇంగ బిడ్డ కోసం మొత్తం మానేద్దామనుకుంటాండా."

"మానేస్తే చంపుతా నిన్ను" అన్నా, ఆస్పత్రి మర్యాదలన్నీ మరిచిపోయి. ఆ పిల్ల బిత్తరపోయి ఏడుపు ఆపింది. చెయ్యి పట్టుకుని మా నంద్యాల లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయినా. ఆమె ఓపికగా చెప్పింది. ఇప్పుడు హఠాత్తుగా ఆపేది లేదు, ఒక్క పూట కూడా తప్పొద్దు. ఈ మందుతో బిడ్డకు కొంత ప్రమాదం ఉంది, కానీ ఎక్కువమంది బిడ్డలు బాగానే పుడతారు. ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో రాస్తా, అయిదో నెలలో జాగ్రత్తగా స్కాన్ చేయిస్తాం, ఫిట్స్ డాక్టరుతో నేను మాట్లాడతా అనింది. చివర్లో ఇంకో మాట కూడా చెప్పింది, "పిల్ పని చెయ్యకపోవడం నీ తప్పు కాదు. నీ ఫిట్స్ మాత్రే దాన్ని పని చెయ్యనియ్యలేదు."

సుజాత ముఖంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. "ఆ మాట మా ఆయనకు చెప్తారామ్మా? నేను అబద్ధం చెప్పలేదని?"

డాక్టరు నా వైపు చూసింది. నేను సుజాత వైపు చూసినా.

"చెప్తాం. కానీ ఆ మాట చెప్పల్లంటే ఫిట్స్ సంగతి గూడా చెప్పల్ల గదా తల్లీ" అన్నా.

ఆ వెలుగు ఆరిపోయింది. తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుందంట తల్లి. ఫిట్స్ అని తెలిస్తే కాపురం నిలవదని. ఒక అబద్ధం తనది కాదని చెప్పుకోవాలంటే ఇంకో అబద్ధం తనదేనని ఒప్పుకోవాలి. నా సర్వీసులో ఎందరి కష్టాలో విన్నా, ఇట్లాంటి ముడి ఎక్కడా చూడలేదు. ఈశ్వరమ్మ మీద నాకు కోపం వచ్చింది, జాలి కూడా వచ్చింది. అంత దూరం నుంచి నెలనెలా బస్సెక్కి వచ్చి, వరుసలో నిలబడి, ఒక్కొక్క మాత్ర రేకులో నుంచి విప్పి డబ్బాలో పోసి కూతురి ఇంటికి మోసుకుపోయింది ఆ తల్లి.

చెప్పెయ్యమని నేను అనలేదు. అనాలని నాలుక చివర దాకా వచ్చింది, ఆపుకున్నా. ఒక్కటి మాత్రం అన్నా. "ఎప్పుడన్నా ఫిట్స్ వస్తే నీ పక్కన ఉండేది మీ అమ్మ గాదు, ఓబులేసు. ఏం చెయ్యల్లనో వానికి తెలియకుంటే ఎట్ల?"

సుజాత కుళాయి దగ్గరికి పోయింది. ముఖం కడుక్కుంది. "ఆయన్ను పిలవక్కా, నేనే చెప్తా" అనింది.

వరండా

ఓబులేసు వచ్చినాడు. తిరుపాలమ్మ పిలవకుండానే తనూ లోపలికి వచ్చి నిలబడింది. సుజాత మొగుడి ముఖం చూడకుండా, నేల చూస్తా, అంతా చెప్పేసింది. చిన్నప్పటి జబ్బు, డబ్బా, ఒట్టు, పిల్ ఎందుకు పని చెయ్యలేదో కూడా. డాక్టరు అవునని తల ఊపింది.

ఓబులేసు ముఖం ఎర్రగా అయింది. "అంటే పెండ్లి నాటి నుంచే మోసం. అమ్మా కూతురూ కలిసి నన్ను పిచ్చోన్ని చేసినారు" అని చెప్పి వరండాలోకి పోయినాడు, ఆటో వైపు.

"రేయ్, ఆగు" అనింది తిరుపాలమ్మ.

ఆ గొంతుకు వరండాలో ఉన్న జనమంతా తిరిగి చూసినారు. ఓబులేసు కూడా ఆగినాడు. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నా.

"ఆ యమ్మ సంగతి నేను చూసుకుంటా. సంజామలకు పోయి, గుమ్మంలో నిలబడి అడుగుతా, ఇంత మాట నాకేంటికి చెప్పలేదని. అది నాదీ ఆ యమ్మదీ. ఈ పిల్లను ఏమనాకు." ఊపిరి తీసుకుంది. "నేను ఆ మాత్రలు నాలుగు దినాలు మింగితిరా. మంచంలో నుంచి లేయల్లంటే లోకం తిరిగిపాయె. గోడలు పట్టుకోని దొడ్డికి పోతి. ఈ పిల్ల చిన్నప్పటి నుంచి మింగుతాండాది. అవి మింగి నీకు వండి పెడతాండాది, కాలేజీకి పోతాండాది, నా కాళ్లకు నూనె రాస్తాండాది. ఒకనాడన్నా అమ్మా అనలే. నువ్వు మింగి చూడు ఒకటి, ఆటో నడుపుదువు."

ఆ మాట మా శాస్త్రం ప్రకారం తప్పు. కొత్తగా, అదీ ఆ వయసులో మింగిన మనిషికి తల తిరుగుతుంది, ఏండ్లుగా అలవాటైన ఒంటికి అంత ఉండదు. ఫార్మసిస్టుగా నేను సరిదిద్దాల్సిన మాటే. నోరు మూసుకుని నిలబడినా, ఇంత సర్వీసులో అంత తృప్తిగా నేను ఎప్పుడూ నోరు మూసుకోలేదు.

ఓబులేసు ఆటో ఎక్కి కూర్చున్నాడు, పోలేదు. అత్తాకోడండ్లు పోయి వెనక కూర్చున్నాక స్టార్టు చేసినాడు. వారం దినాల దాకా నాకు ఏమీ తెలియలేదు. ప్రార్థనలో ఆ పిల్ల పేరు తలచుకుంటూనే ఉన్నా.

తర్వాత ఒకనాడు ఓబులేసు ఒక్కడే కిటికీ దగ్గరికి వచ్చినాడు. చీటీ లేదు. అటూ ఇటూ చూసి, "అక్కా, ఆమెకు ఫిట్స్ వస్తే నేనేం చెయ్యల్ల?" అని అడిగినాడు. లోపలికి పిలిచి చెప్పినా. పక్కకు తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టాకు, చేతిలో తాళాలు ఇనుము పెట్టాకు, గట్టిగా పట్టుకోవద్దు, అయిదు నిమిషాలు గడిచినా ఆగకుంటే ఆస్పత్రికి తీసుకురా. పక్కకు తిప్పేది ఎట్లనో నా స్టోరులో అట్టపెట్టె మీద చేసి చూపించమన్నాడు. చూపించినా. రెండుసార్లు తనే చేసి చూసుకున్నాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

సుజాతకు ఆడపిల్ల పుట్టింది, ఏ లోపం లేదు. ఇది చెప్పి అన్నీ ఇట్లనే జరుగుతాయని మిమ్మల్ని మభ్యపెట్టను. ఇట్ల జరగని కాన్పులు కూడా నేను చూసినా, వాటిని తలచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు. ముందే తెలిసి ఉంటే ఆ పిల్లకు కాపర్-టీ వేసి ఉండేవాళ్లు, డిగ్రీ అయినాక డాక్టరుతో మాట్లాడుకుని నిమ్మళంగా బిడ్డను కనేది. కాన్పు తర్వాత కాపర్-టీనే వేయించుకుంది. చదువు ఒక సంవత్సరం ఆగి పూర్తయింది. తిరుపాలమ్మ అన్నంత పనీ చేసింది, సంజామలకు పోయి ఈశ్వరమ్మను కడిగి పెట్టి, అక్కడే అన్నం తిని వచ్చిందంట.

వరుసలో

ఆ తర్వాత సుజాత మాత్రలకు తిరుపాలమ్మే వచ్చేది, బిడ్డను ఎత్తుకుని. వరుసలో నిలబడి తన వంతు రాకముందే కేక వేసేది.

"మందులక్కా! మా కోడలికి ఫిట్స్ మాత్రలియ్యి!"

మొదటిసారి నేను కంగారుపడినా. గుట్టుగా అడగాలని, తెర వేసి అడగాలని ఇన్నేండ్లు నేర్చుకున్నదాన్ని. "మెల్లగామ్మా" అన్నా.

"మెల్లగ ఏంటికి? దొంగసొత్తా? మా కోడలి మందు" అనింది అంతే గట్టిగా. జనం తిరిగి చూసినారు, మళ్లీ ఎవరి మాటల్లో వాళ్లు పడినారు. మాత్రలు రేకులతోనే ఇచ్చినా, రేకులతోనే సంచిలో వేసుకుని పోయింది. ఆ తెల్ల డబ్బా ఏమైందని అడిగితే, లేబులు పీకేసి మిరప్పొడి పోసినామనింది.

ఆమె వెనక వరుసలో చెంగు తల మీద కప్పుకుని ఒకామె నిలబడి ఉంది. ఏండ్ల తరబడి చెల్లెలికని ఫిట్స్ మాత్రలు తీసుకుపోయే ఆమె. కిటికీలో చీటీ పెట్టింది. నేను అలవాటు కొద్దీ అడిగినా.

"ఎవరికమ్మా?"

ఆమె తిరుపాలమ్మ పోయిన వైపు ఒకసారి చూసింది. కమ్మీలకు ముఖం దగ్గరగా పెట్టింది.

"నాకేనక్కా" అనింది.

చీటీ పక్కన పెట్టి, లేచిపోయి, పక్క తలుపు తీసినా.